రక్తం పలచబడే మందు

"నాకు తెలీదు మేడం," అన్నాడు సురేష్ బాబు. ఆ మాట అనడం అది మూడోసారి.

సుప్రజ తొందరపడలేదు. బల్లకి అవతల కూర్చున్న మనిషి చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. మందుల షాపులో పనిచేసేవాడి చేతులు. గోళ్లు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. మాట్లాడనప్పుడు కూడా బొటనవేలు కదులుతూనే ఉంది, అట్టలోంచి ఒక్కొక్క మాత్రా నొక్కి బయటికి తీస్తున్నట్టు.

అతని భార్య గ్లోరి చనిపోయి నెల దాటింది. ఇరవై ఏడేళ్ల పిల్ల. తిరువూరులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేది. ఒక ఆదివారం ఉదయం ప్రార్థనకి తయారవుతూ, సగం జడ వేసుకుని, గుండె మీద బరువుగా ఉందని మంచం మీద కూర్చుంది. ఆటో ఆసుపత్రి గేటులోకి తిరిగేలోపే ప్రాణం పోయింది. అల్లుడే చంపాడని ఆమె తండ్రి దేవానందం ఫిర్యాదు ఇచ్చాడు. నిన్న సాయంత్రం సురేష్‌ని స్టేషనుకి తీసుకొచ్చారు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఒకసారి హంతకుడన్న పేరుతో జైలు గేటు దాటితే ఆ పేరు మళ్లీ ఊడదు. అతని అన్న యేసురాజు పొద్దున్నే విజయవాడలో సుప్రజ నడిపే చిన్న డిటెక్టివ్ ఆఫీసుకి ఫోన్ చేసి, కాసేపు ఊరికే ఏడ్చాడు. ఆమె మొదటి బస్సుకే బయలుదేరింది.

సీఐ దశరథరామయ్య అరగంట టైమిచ్చాడు. తనూ గదిలోనే ఉంటానన్నాడు. ఆమె ఏమీ అనకుండా అతని వంకే చూస్తూ కూర్చుంటే, కాసేపటికి విసుక్కుని, టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు.

అప్పుడు సుప్రజ తనకి తెలిసింది చెప్పింది. పోస్టుమార్టంలో తీసిన గుండెని విజయవాడలో పరీక్షించిన డాక్టర్ సరోజినీదేవితో బస్సులోంచే మాట్లాడింది. గుండె రక్తనాళాలు చిన్నపిల్లవిలా నున్నగా ఉన్నాయట. ఎక్కడా కొవ్వు పేరుకోలేదు. ఒక్కచోట మాత్రం అప్పుడే కట్టిన రక్తపు గడ్డ, సీసాకి బిరడా బిగించినట్టు. విషం ఆనవాళ్లు లేవని ల్యాబు వాళ్లు రాశారు. కానీ గ్లోరి రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఒకటుంది. ఆ మందు ఆమె రక్తంలో చుక్కయినా లేదు.

"ఆ మాత్రలు తెచ్చేది మీరు. డబ్బాలో సర్దేది మీరు. సీఐ గారికి అంతకంటే ఏం కావాలి?" అంది సుప్రజ. "ఎందుకు వాడుతోందో కూడా మీరు చెప్పట్లేదు. ఎవరి పరువు కాపాడుతున్నారు?"

బొటనవేలు ఆగిపోయింది.

"బైబిలు మీద చెయ్యి వేయించుకుంది మేడం," అన్నాడు.

ఆ తర్వాత అతను ఆగకుండా చెప్పాడు. పెళ్లయిన రెండో ఏడు గ్లోరి నెల తప్పింది. గర్భిణులకి చేసే రక్తపరీక్షల్లో ఒకటి తేడాగా వచ్చింది. సుఖవ్యాధి ఉన్నట్టు. సురేష్‌కి అదే పరీక్ష చేస్తే ఏమీ లేదు. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. అడగకపోవడమే పెద్ద గొడవైంది. ఒకే ఇంట్లో విడివిడిగా అన్నాలు తిన్నారు. రాసిచ్చిన ఇంజెక్షన్లు ఆమె తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి చేయించుకుంది. నాలుగో నెలలో బిడ్డ పోయింది. రెండోసారీ పరీక్ష అలాగే వచ్చింది. ఐదో నెలలో ఆ బిడ్డా పోయింది. అది జరిగిన కొన్నాళ్లకి ఎడమకాలు స్తంభంలా వాచింది. అప్పుడు విజయవాడలో ఒక పెద్ద డాక్టరు అసలు సంగతి పట్టుకున్నాడు.

అది సుఖవ్యాధి కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలు దారితప్పి, సొంత రక్తం మీదే తిరగబడే జబ్బు. వాటివల్లే ఆ పరీక్ష మోసపోతుంది. వాటివల్లే కడుపులో బిడ్డకి రక్తం అందదు. కాలులో కట్టిన గడ్డ రేపు మెదడులో కట్టొచ్చు, గుండెలో కట్టొచ్చు. ఏ వయసులోనైనా. బతికినన్నాళ్లూ రోజుకో మాత్ర వేసుకోవాలి.

"ఆ రోజు బస్సులో నా భుజం మీద తలపెట్టి మైలవరం దాకా ఏడ్చింది మేడం. జబ్బు ఉన్నందుకు కాదు. ఆ జబ్బు కాదని తేలినందుకు."

ఇంటికొచ్చాక ప్రమాణం చేయించుకుంది. రక్తపరీక్షల ఊసు తన పుట్టింట్లో ఎప్పుడూ ఎత్తకూడదని. దేవానందం సంఘపెద్ద. సగం విన్నా చాలు, ఆ సగమే నిజమని జీవితాంతం నమ్ముతాడు. అందుకని జబ్బు పేరు కూడా ఎవరికీ చెప్పలేదు.

మరి మాత్ర ఏమిటని ఎవరూ అడగలేదా అంది సుప్రజ.

"అత్తయ్య ఒకసారి అడిగింది. రక్తం పలచబడటానికి అన్నాను. ఇంకో ముక్క చెప్పలేదు."

డబ్బాలో వారానికి ఏడు అరలు. ఆదివారం రాత్రి నింపేవాడు. రోజూ షాపు కట్టేసి వచ్చాక ఆ రోజు అర మూత తీసి చూసుకునేవాడు. ఖాళీగా ఉండేది. హాయిగా నిద్రపోయేవాడు. గ్లోరి పోయిన తర్వాతి వారమే మళ్లీ రక్తం పరీక్ష చేయించాల్సి ఉంది.

"తనే పారేసిందనుకుంటున్నారు కదూ?" అంది సుప్రజ నెమ్మదిగా.

అతను తలూపాడు. ఆ మాత్ర వేసుకుంటున్నంతకాలం నెల తప్పకూడదని డాక్టరు చెప్పాడు. పిల్లలు కావాలంటే ముందు దాన్ని మాన్పించి ఇంజెక్షన్లకి మారుస్తామన్నాడు. ఇంకో ఏడాది ఆగమన్నాడు. గ్లోరికి ఆగడం చేతకాలేదేమో. తెలిసి తెలిసి మానేసిందని బయటపడితే ఆత్మహత్యంటారు. సమాధుల తోటలో ఆమె పక్కనుంచి నడిచేవాళ్లు కూడా ఆ మాటే అనుకుంటూ నడుస్తారు.

"అందుకే తెలీదంటున్నాను. నన్ను జైల్లో పెడితే పెట్టనివ్వండి," అన్నాడు సురేష్ బాబు.

* * *

ఇంటి తాళం పోలీసుల దగ్గరే ఉంది. చూడాలని సుప్రజ అడిగితే దశరథరామయ్య డ్రైవరుని పిలిచి తనూ జీపెక్కాడు. యాభై దాటిన మనిషి. గొంతులో ఎప్పుడూ ఒక వెటకారం. విజయవాడలో పెంపుడు కుక్కలు తప్పిపోతే వెతికిపెట్టే కేసులు తగ్గాయా డిటెక్టివ్ గారూ అని అడిగాడు. కుక్కలు అబద్ధాలాడవు కాబట్టి ఆ కేసులు త్వరగా తేలిపోతాయి సార్ అంది.

అతను నవ్వలేదు. జీపు మలుపు తిరిగాక, రోడ్డు వంకే చూస్తూ అన్నాడు.

"అమ్మాయ్, నా సర్వీసులో గుండెపోటని చెప్పి పూడ్చేసిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. అందులో ఒక్కదానికీ గుండెజబ్బు లేదు. ఈసారి నేను సంతకం పెట్టను."

సుప్రజకి అతని మీద మొదటిసారి గౌరవం కలిగింది.

"మీ కోపం తప్పు కాదు సార్. మీరు పట్టుకున్న మనిషే తప్పు."

పక్కింటివాళ్లు గ్లోరి చేతుల మీద కమిలిన మచ్చలు చూశారన్నాడు సీఐ. వల వేసి కొట్టినట్టు, అల్లికల్లాగా ఉండేవట. అందుకే ఎండల్లోనూ నిండు చేతుల జాకెట్టే వేసుకునేదట. గ్లోరి జబ్బు సంగతి సుప్రజ అతనికి చెప్పింది. ఆ వల మచ్చలు కూడా ఆ జబ్బుకి గుర్తేనని, చర్మం కింద సన్నని నాళాల్లో రక్తం సరిగా నడవక అలా కనిపిస్తాయని స్టేషనులోంచి రాగానే మళ్లీ ఫోన్ చేస్తే సరోజినీదేవి అన్నమాట కూడా చెప్పింది. గుండెపోటంటే జనం నూనె, సిగరెట్టు, ముసలితనం అనుకుంటారు, డాక్టర్లలోనూ చాలామంది అక్కడే ఆగిపోతారు, చిన్న వయసు ఆడపిల్ల గుండె ఆగిపోతే ఆమె రక్తంలో యాంటీబాడీల కోసం వెతికేవాళ్లు తక్కువ అని కూడా ఆ డాక్టరమ్మ అంది. దశరథరామయ్య వింటున్నట్టే ఉన్నాడు గానీ ఏమీ ఒప్పుకోలేదు.

రెండు గదుల ఇల్లు. అద్దం ముందు దువ్వెన ఇంకా ఉంది. దాని పళ్లలో రెండు పొడవాటి వెంట్రుకలు. సుప్రజ అక్కడ ఆగలేదు, ఆగితే పని జరగదని ఆమెకి తెలుసు. వంటింట్లోకి వెళ్లింది.

మాత్రల డబ్బా అలమర్లో, ఉప్పు జాడీ పక్కన ఉంది. సోమవారం నుంచి శనివారం దాకా అరలు ఖాళీ. ఆదివారం అరలో మాత్ర అలాగే ఉంది. ఆ రోజు టిఫిను తినకముందే గ్లోరి పోయింది. చిన్న తెల్ల మాత్ర, నడుమ అడ్డంగా గీత. అదే అట్టలోది ఇంకోటి ల్యాబుకి పంపితే అసలు మందేనని తేలిందని సీఐ చెప్పాడు.

"అయితే అతను నకిలీ మాత్రలు పెట్టలేదన్నమాట," అంది సుప్రజ.

"ఆ ఒక్క వారం మన కోసం పెట్టి ఉంటాడు. ఇటు రా, చూపిస్తా."

వంటింటి తలుపు పెరట్లోకి తెరుచుకుంది. గోడవార సన్నని మురుగు కాలవ. గ్లోరి చనిపోవడానికి ముందు కొన్ని వారాలు ఆ కాలవలో పందికొక్కులు వరసగా చచ్చాయి. ముక్కుల దగ్గర రక్తం. కంపు భరించలేక పక్కింటివాళ్లు మనిషిని పెట్టి తీయించారు. వీధిలో ఎవరూ ఎలుకల మందు పెట్టలేదు. వాడు ముందు వాటిమీద ఏదో ప్రయోగం చేసి చూసుకున్నాడని సీఐ అభిప్రాయం. అది ఏ విషమో ల్యాబు పట్టుకోలేకపోయింది, అంతే.

సుప్రజ గుమ్మంలో కూర్చుంది. కాలవ పక్కన సొట్టలు పడ్డ సత్తు గిన్నె ఒకటి ఉంది. మిగిలిన అన్నం వీధికుక్కలకి పెట్టే గిన్నె. ఇన్నాళ్లూ ఎవరూ కడగలేదు. అడుగున మెతుకులు ఎండి పెచ్చు కట్టాయి. ఆమె తలలోంచి పిన్ను తీసి ఆ పెచ్చుని కొద్దికొద్దిగా లేపింది. సీఐ వాచీ చూసుకున్నాడు, దగ్గాడు. పెచ్చు కింద సొట్టలో, మెతుక్కి అతుక్కుని, కరగగా మిగిలిన తెల్ల ముక్క ఒకటి ఉంది. సగం మాత్ర. దానిమీద గీత సగం కనబడుతూనే ఉంది.

డబ్బాలో మాత్ర పక్కన పెట్టి చూపించింది.

"విషం కాదు సార్. ఇదే మందు. మనిషికి కొలతగా ఇస్తే రక్తం గడ్డకట్టనివ్వదు. ఎలుకలకి రోజూ తగిలితే లోపల్లోపల రక్తం కారి చస్తాయి. ఎలుకల మందుల్లో కలిపేదీ ఈ జాతి మందే. గ్లోరి ఒంట్లో ఉండాల్సింది మీ పందికొక్కుల ఒంట్లోకి వెళ్లింది."

దశరథరామయ్య వంగి ఆ ముక్క వంక చాలాసేపు చూశాడు. నిటారుగా లేచాక అతని గొంతులో వెటకారం తగ్గింది.

"అయితే వాడే అన్నంలో కలిపి పోశాడు."

రాత్రి మిగిలిన అన్నం ఎవరైనా ఎప్పుడు పారబోస్తారు సార్ అని అడిగింది సుప్రజ. పొద్దున గిన్నెలు తోమేముందు. మందుల షాపు పొద్దున్నే తెరవాలి, సురేష్ అప్పటికే ఇంట్లో ఉండడు. గ్లోరి టిఫిను తిని మాత్ర వేసుకునేదీ అతను వెళ్లాకే. అయితే గ్లోరి తానే పారేసిందంటావా అన్నాడు సీఐ. కావచ్చు అంది ఆమె. కానీ తనంతట తను మాత్ర వద్దనుకున్న మనిషి కాలవలో విసిరేస్తుంది, కుండీలో వేస్తుంది. దాన్ని తీసుకెళ్లి అన్నంలో పెట్టదు. ఊరికే పారేస్తే పాపమని, ఏ నోటికైనా పోనీ అని అనుకునేవాళ్లే అన్నంలో పెడతారు. మెతుకు వృథా కానివ్వని చెయ్యి అది.

ఆ మాట అంటూనే ఆమె లేచి వంటింట్లోకి చూసింది. గట్టు మీద గ్లోరి గిన్నెల మధ్య మూడు గిన్నెల క్యారేజీ ఒకటి బోర్లించి ఉంది. తుడిచి, వరసగా, మర్నాడు తీసుకెళ్లడానికి సిద్ధంగా పెట్టినట్టు. సుప్రజ దాన్ని వెలుగులోకి తిప్పింది. స్టీలు మీద పేరు కొట్టించి ఉంది. మేరమ్మ.

గ్లోరి తల్లి. పక్కవీధిలోనే ఇల్లు.

సీఐ కూడా ఆ పేరు చదివాడు. చదివి, తలుపు వైపు తిరిగాడు.

"కన్నతల్లిని అనుమానిస్తావా?"

"అనుమానం కాదు సార్," అంది సుప్రజ. "అనుమానమైతే బాగుండేది."

* * *

దేవానందం ఇంట్లో లేడు. మధ్యాహ్నం సంఘం పని మీద నెమలి అనే ఊరి వైపు వెళ్లాడట. మేరమ్మ వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది. వేగుతున్న ఉల్లిపాయల వాసన, దానికింద ఇనుములాంటి మరో వాసన. బాణలిలో ముక్కలు చేసిన మేక నెత్తురు నల్లగా వేగుతోంది.

సీఐని వాకిట్లో ఉండమని సైగచేసి, సుప్రజ ఒక్కతే లోపలికి వెళ్లి పీట లాక్కుని కూర్చుంది. ఎదురుగా తోటకూర కట్టలు. అడక్కుండానే ఒక కట్ట తీసుకుని ఆకులు గిల్లడం మొదలుపెట్టింది. మేరమ్మ ఒక్కక్షణం చూసి, తనూ ఇంకో కట్ట అందుకుంది. చేతిలో పనుంటే మనుషులు తేలిగ్గా మాట్లాడతారు.

మొదట గ్లోరి చిన్నప్పటి కబుర్లు వచ్చాయి. చెట్టెక్కి దిగలేక ఏడ్చిన సంగతి, బళ్లో బైబిలు వాక్యాలు గడగడా చెప్పేసి బహుమతిగా వచ్చిన పెన్సిలు పెట్టె నిద్రలో కూడా వదలని సంగతి. తర్వాత ఆ రెండు కాన్పుల సంగతి. రెండోసారి మగబిడ్డేనట. అరచేతిలో పట్టేంత. బిడ్డ తండ్రికి చూపించలేదు. ఆ తర్వాత నుంచి మేరమ్మ రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్లేది. అల్లుడు షాపుకి వెళ్లాక పిల్లకి దగ్గరుండి తినిపించి, గిన్నెలు తోమిపెట్టి వచ్చేది. ఏం పెట్టేవారండీ అని అడిగింది సుప్రజ. బీటురూటు, నువ్వులు బెల్లం, రోజు తప్పకుండా ఆకుకూర, వారానికి రెండుసార్లు నెత్తురు వేపుడు.

"బిడ్డ నిలవాలంటే రక్తం చిక్కగా ఉండాలి కదమ్మా. దాని రక్తం నీళ్లలా ఉందని నాకు ముందే తెలుసు. గట్టిగా పట్టుకుంటే చాలు, నల్లగా కమిలేది. చిగుళ్లలోంచి రక్తం వచ్చేది."

సుప్రజ ఆకు గిల్లుతూనే ఉంది. మాత్రల గురించి అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడగకుండా లేచి వెళ్లిపోవచ్చు. డాక్టరమ్మ సాక్ష్యం చాలు, ఎన్నాళ్లకైనా సురేష్‌ని బయటికి తేవచ్చు. ఈ తల్లి ఇలాగే తెలియకుండా మిగిలిన రోజులు వెళ్లదీయవచ్చు.

కానీ మేరమ్మ తనంతట తానే చెప్పింది. చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ మనిషి దొరకలేదన్నట్టు, ఆకులు ఏరుకుంటూనే చెప్పింది.

"ఏం మాత్రని అడిగితే రక్తం పలచబడటానికి అన్నాడమ్మా అల్లుడు. నా గుండె ఝల్లుమంది. ఉన్న రక్తమే నిలవట్లేదు, ఇంకా పలచన చేస్తారా? అందుకే పిల్లలు జారిపోతున్నారనుకున్నా. దానితో చెప్పా. నాలుగు నెలలు ఇది మానెయ్యి తల్లీ, మీ ఆయనకి చెప్పకు, నేను చూసుకుంటానన్నా. అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయి ఊరుకుంది. తర్వాత నవ్వి, నీ ఇష్టమమ్మా అంది. రోజూ నేనే తీసి, పారబోసే అన్నంలో పడేసేదాన్ని." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయినా వాడు ఇంకెందులోనో కలిపి ఇచ్చేసి ఉంటాడు. లేకపోతే అలా ఎందుకు పోతుందమ్మా?"

గుమ్మం దగ్గర బూట్ల చప్పుడు. దశరథరామయ్య టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అన్నీ విన్నాడు. లోపలికి మాత్రం రాలేదు.

అప్పుడే పక్కగదిలోంచి ఒక అమ్మాయి నిద్రమొహంతో వచ్చింది. గ్లోరి చెల్లెలు కెజియ. గంపలగూడెంలో కాపురం. నాలుగో నెలట, కొద్దిగా పొట్ట తెలుస్తోంది. నిండు చేతుల జాకెట్టు. గోడ పట్టుకుని నడుస్తోంది. మేరమ్మ వెంటనే పళ్లెంలో అన్నం పెట్టి, బాణలిలోది వడ్డించబోయింది. పళ్లెం అందుకోవడానికి కెజియ చెయ్యి చాచినప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జరిగింది.

మోచేతి దాకా ఊదారంగు గీతలు. ఒకదానికొకటి అల్లుకుని, తడి వల పరిచినట్టు.

సుప్రజ తోటకూర పక్కన పెట్టింది. లేచి ఆ అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టింది. ఎన్నాళ్లుగా ఉన్నాయివి అని అడిగింది. చిన్నప్పటినుంచీ చలికి వస్తాయక్కా, మా అక్కకీ ఉండేవి అంది కెజియ. పుట్టింటికి ఎప్పుడొచ్చావంటే, పోయిన వారం వాళ్లాయన దించి వెళ్లాడంది. అతనూ రెండ్రోజులు ఉన్నాడా అంటే తల దించుకుంది.

"రక్తపరీక్ష ఏదైనా తేడాగా వచ్చిందా?"

కెజియ తల్లి వైపు చూసింది. గుమ్మంలో నిలబడ్డ మగమనిషి వైపు చూసింది. సీఐ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాకేం తెలీదక్కా," అంది. "నేనే తప్పూ చెయ్యలేదు. ఆయన నమ్మట్లేదు. అప్పట్నుంచీ మాటల్లేవు."

"నువ్వే తప్పూ చెయ్యలేదు. నాకు తెలుసు," అంది సుప్రజ.

చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకెత్తి కాళ్లు చూసింది. కుడిపాదం మీద పట్టీ వదులుగా ఆడుతోంది. ఎడమకాలికి పట్టీ లేదు. నిన్నట్నుంచీ పట్టట్లేదట, తీసి దిండు కింద పెట్టుకుంది. పిక్క నున్నగా, బిగుతుగా వాచి ఉంది. ముట్టుకుంటే వేడిగా తగిలింది.

ఇక దాచడానికి వీల్లేదు. దాస్తే రెండో పిల్లకి కూడా ఈ చేతులే ప్రేమగా అన్నం పెట్టి పంపేస్తాయి. గ్లోరి చెప్పబోయి ఊరుకున్న మాటేదో ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి.

"మేరమ్మ గారూ," అంది సుప్రజ. పొయ్యి దగ్గరికెళ్లి మంట ఆపింది. "గ్లోరి రక్తం పలచగా లేదండీ. చిక్కగా ఉంది. గడ్డకట్టేంత చిక్కగా. ఆ మాత్రే దాన్ని ఆపేది. మీరు చూసిన కమిలిన మచ్చలు, చిగుళ్ల రక్తం, అవి మందు పనిచేస్తోందనడానికి గుర్తులు. కాస్త ఎక్కువైతే డాక్టరు కొలత తగ్గించేవాడు. అంతే."

మేరమ్మకి వెంటనే అర్థం కాలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె చూపు సుప్రజ మొహం నుంచి బాణలిలోకి, బాణలిలోంచి కెజియ పళ్లెంలోకి వెళ్లింది. అక్కడే చాలాసేపు ఆగింది.

"నేను అన్నంలో పడేసేదాన్ని," అంది. "రోజూ. నా చేత్తో."

ఏడవలేదు. గరిటె గట్టుమీద పెట్టి, కొంగుతో రెండు చేతులూ శుభ్రంగా తుడుచుకుని, గుమ్మం దగ్గరికి నడిచి, ఆ చేతులు దశరథరామయ్య ముందు చాచింది.

అతను ఆ చేతుల వంక చూడలేకపోయాడు.

"చేతులు దించమ్మా," అన్నాడు. "అవతల పని చాలా ఉంది. ముందు పిల్లని జీపెక్కించు."

సుప్రజ అప్పటికే సరోజినీదేవికి ఫోన్ కలిపింది. డాక్టరమ్మ గబగబా చెప్పింది. నడిపించొద్దు, మోసుకెళ్లండి. ఇక్కడి ఆసుపత్రిలో మొదటి ఇంజెక్షను వేయించి, అక్కణ్ణుంచి నేరుగా విజయవాడ తీసుకురండి. కాలులో గడ్డ కదిలి పైకి, ఊపిరితిత్తుల్లోకి పోతే టైముండదు. సీఐ కెజియని రెండు చేతులా ఎత్తుకుని జీపు వెనక సీట్లో పడుకోబెట్టాడు. డ్రైవరు బండి తీస్తుండగా స్టేషనుకి ఫోన్ చేసి, సురేష్ బాబుని కోర్టుకి తీసుకెళ్లొద్దని చెప్పాడు. కాసేపాగి, అతనికి టీ ఇప్పించండి, బెంచీ మీద కూర్చోబెట్టండి అన్నాడు.

మేరమ్మ కూతురి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జీపు వీధి మలుపు తిరిగాక ఆమె సుప్రజ మోచెయ్యి పట్టుకుంది.

"దీనికి ఏ మాత్రో చెప్పమ్మా. ఎన్నేళ్లు వెయ్యమన్నా సరే. నేనే దగ్గరుండి మింగిస్తాను. మింగిందో లేదో నోరు తెరిపించి చూస్తాను."

సుప్రజ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. కడుపుతో ఉన్నవాళ్లకి మాత్ర కాదని, ఇంజెక్షనని చెప్పాలనుకుంది. తర్వాత చెప్పవచ్చు. రోడ్డు మీద గుంతలున్న చోట డ్రైవరు వేగం తగ్గించాడు. వాకిట్లో విడిచిన చెప్పుల కోసం కెజియ అడిగింది, ఎవరూ తేలేదని తెలిసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె చెయ్యి నెమ్మదిగా పక్కటెముకల మీదికి పాకింది.

"అమ్మా," అంది కెజియ, చాలా మామూలుగా, జడ సరిచెయ్యమన్నట్టు. "ఊపిరి పీలిస్తే ఇక్కడ పొడుస్తోంది."